కారు మనదేనా? పేరు ఒకరిది, పెత్తనం ఒకరిది
చిరునామాను బట్టి కాదు, నిర్ణయాధికారాన్ని బట్టే జాతీయత
కియా నుంచి ఒంగోలు గిత్త వరకు ఒకటే పాఠం

సింగరాయకొండ: చెన్నై - కోల్‌కతా జాతీయ రహదారిపై సింగరాయకొండ వద్ద కాసేపు నిలబడితే కొత్త కార్లను మోసుకుపోయే పొడవాటి కంటెయినర్ లారీలు కంటబడతాయి. శ్రీపెరుంబుదూరు పరిసరాల్లో తయారైన కార్లు కోస్తా జిల్లాలకు, ఆపై ఒడిశా, బెంగాల్‌లకు చేరేందుకు ఇదే దారి. రోడ్డు పక్క టీ దుకాణాల వద్ద వీటిని చూసినప్పుడల్లా ఒక వాదన మొదలవుతుంది. ఇది కొరియా కారు అని ఒకరంటే, తయారయింది తమిళనాట కనుక మన దేశపు కారే అని మరొకరు అంటారు. అనంతపురం వైపు బంధువులున్నవారు కియా ప్రస్తావన తెచ్చి అది అచ్చంగా ఆంధ్రా కారని వాదిస్తారు. మారుతి అంటే మనదని ఒకరు, కాదు జపాన్‌దని ఇంకొకరు. టీ చల్లారుతుంది తప్ప వాదన తేలదు.

పైకి ఇది పొద్దుపోని కబురుగా కనిపించవచ్చు. కానీ ఈ ప్రశ్నకు సమాధానం మన జిల్లాకు రేపటి అవసరం. ఇక్కడికి దక్షిణాన సమీపంలోనే రామాయపట్నం ఓడరేవుకు 2022 జూలైలో శంకుస్థాపన జరిగింది. రేవు వెంట పరిశ్రమలు వస్తాయన్నది అందరి ఆశ. వచ్చే ప్రతి సంస్థా భూమి అడుగుతుంది, నీరు అడుగుతుంది, పన్ను రాయితీ అడుగుతుంది. 'ఇక ఇది మీ సంస్థే' అని కూడా అంటుంది. ఆ మాటలో నిజమెంతో తూచాలంటే, ఒక వస్తువు ఏ దేశానిదో, ఏ నేలదో నిర్ణయించేది ఏమిటన్నది ముందుగా తెలియాలి. అందుకు కారును మించిన ఉదాహరణ లేదు.

పుట్టిల్లు ఇంగ్లండు, మెట్టినిల్లు భారత్

ఒకనాడు కలెక్టరు గారి కారన్నా, మంత్రి గారి కారన్నా తెల్ల అంబాసిడర్ తప్ప మరొకటి గుర్తుకు వచ్చేది కాదు. ఎన్నికల ప్రచారానికీ అదే, పెళ్లి ఊరేగింపుకూ అదే, గుంటూరు ఆసుపత్రికి రోగిని తరలించేందుకూ అదే. ఇంతకంటే భారతీయమైన కారు ఉండదని నమ్మిన తరాలు రెండున్నాయి. అయితే దాని రూపకల్పన మనది కాదు. ఇంగ్లండులోని మోరిస్ సంస్థకు చెందిన ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారే హిందుస్థాన్ మోటార్స్ చేతుల్లో 1958 నుంచి అంబాసిడర్ అయింది. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా కర్మాగారంలో 2014 మే నెలలో దాని ఉత్పత్తి నిలిచిపోయింది. 2017లో ఆ పేరును ఫ్రాన్స్‌కు చెందిన పెజో సంస్థ రూ.80 కోట్లకు కొనుగోలు చేసింది. అంటే మన దేశానికి ప్రతీకగా నిలిచిన కారుకు పుట్టుక ఇంగ్లండు, పెరుగుదల బెంగాల్, పేరుపై హక్కు చివరకు ఫ్రాన్స్ వశం.

అయినా అంబాసిడర్‌ను ఎవరూ ఇంగ్లిష్ కారని గానీ, ఫ్రెంచి కారని గానీ అనరు. కారణం స్పష్టం. దానికి భారతీయతను ప్రసాదించింది నమూనా కాదు, వాటాలూ కాదు. అరవై ఏళ్ల వాడకం, పల్లె మెకానిక్ సైతం విప్పి బిగించగలిగిన సులువు, జనం జ్ఞాపకం. జాతీయతలో ఇది ఒక పార్శ్వం. అయితే జ్ఞాపకం ఒక్కటే కారును బతికించలేదు. కొత్త ఇంజిన్, కొత్త నమూనా సొంతంగా తీర్చిదిద్దే శక్తి కొరవడిన నాడు అదే జ్ఞాపకం గతవైభవంగా మిగిలింది.

మారుతి కథ మరొక రకం. ప్రభుత్వ రంగ సంస్థగా మొదలైన మారుతి ఉద్యోగ్‌లో 1982 నాటి ఒప్పందం ప్రకారం జపాన్‌కు చెందిన సుజుకి వాటా 26 శాతం మాత్రమే. 1983 డిసెంబరు 14న తొలి మారుతి 800 తాళాలను నాటి ప్రధాని ఇందిరాగాంధీ కొనుగోలుదారుకు అందజేశారు. ఆ కారు రూపం మాత్రం సుజుకి ఆల్టోదే. కాలక్రమంలో వాటాలు తారుమారయ్యాయి. 2002లో సుజుకి ఆధిక్యం సాధించింది. 2007లో కేంద్ర ప్రభుత్వం తన మిగిలిన వాటాను కూడా వదులుకుంది. అదే ఏడాది సంస్థ పేరు మారుతి సుజుకి ఇండియాగా మారింది. ఈ 25 ఏళ్లలో గురుగ్రామ్ కర్మాగారం కదలలేదు. కార్మికులు మారలేదు. విడిభాగాలు ఇచ్చే చిన్న సంస్థలు వందల సంఖ్యలో మన దేశంలోనే ఎదిగాయి. మారినదల్లా చివరి మాట ఎవరిదన్నదే. జనం దృష్టిలో మాత్రం మారుతి ఈనాటికీ ఇంటి కారే. వాటాల బదిలీ వార్త జనం మనసు దాకా చేరనే లేదు.

సొమ్ము ఒకరిది, సోకు ఒకరిది

వాటాలే జాతీయతకు కొలమానమైతే, జాగ్వార్, ల్యాండ్ రోవర్ భారతీయ కార్లు కావాలి. 2008 జూన్‌లో టాటా మోటార్స్ ఈ రెండింటినీ ఫోర్డ్ సంస్థ నుంచి 230 కోట్ల డాలర్లకు కొన్నది. రెండు శతాబ్దాలు మనల్ని పాలించిన దేశపు గౌరవ చిహ్నాలను మనవారు కొన్నారని ఆనాడు దేశమంతా మురిసింది. అయినా ఒంగోలు వీధిలో ల్యాండ్ రోవర్ కనబడితే దాన్ని 'ఫారిన్ కారు' అనే అంటాం. దాని రూపకల్పన కేంద్రాలు ఇంగ్లండులోనే ఉన్నాయి. కొనేవాడు చెల్లించే అదనపు ధర కూడా ఆ ఇంగ్లిష్ పేరుకే. ఇందులోనే మరో మెలిక ఉంది. ల్యాండ్ రోవర్‌లో పేరుమోసిన డిఫెండర్ నమూనా 2019 నుంచి తయారవుతున్నది స్లొవేకియా దేశంలోని నిత్రా నగరంలో. యజమాని భారతీయుడు, చెమట స్లొవేకియా కార్మికుడిది, కీర్తి ఇంగ్లండుది.

కొత్త యజమాని తెలివైనవాడైతే పాత జాతీయతను చెరపడు. ఆ పాత పేరులోనే లాభముందని అతనికి తెలుసు. చైనాకు చెందిన గీలీ సంస్థ 2010లో వోల్వో కార్ల విభాగాన్ని కొన్నప్పటికీ వోల్వోను స్వీడన్ కారుగానే నిలిపింది. జర్మనీకి చెందిన బీఎండబ్ల్యూ చేతిలోని రోల్స్‌రాయిస్ ఈనాటికీ ఇంగ్లిష్ రాజసానికి పర్యాయపదమే.

మన దేశంలో ఈ చిక్కు 2020లో బయటపడింది. ఎంజీ పేరు 1924 నాటి ఇంగ్లండుది. గత కొన్నేళ్లుగా దాని యాజమాన్యం చైనా ప్రభుత్వ రంగ సంస్థ ఎస్ఏఐసీది. గుజరాత్‌లోని హలోల్‌లో 2019లో విడుదలైన హెక్టర్ కారుకు మూలం చైనాలో అమ్ముడైన బావోజున్ 530. ప్రకటనల్లో మాత్రం ఇంగ్లిష్ వారసత్వమే మార్మోగింది. సరిహద్దు దేశాల నుంచి వచ్చే పెట్టుబడులకు ప్రభుత్వ అనుమతి తప్పనిసరి చేస్తూ 2020 ఏప్రిల్‌లో కేంద్రం నిబంధన తెచ్చింది. అదే ఏడాది జూన్‌లో గల్వాన్ ఘర్షణ జరిగింది. అప్పుడు అందరూ అడిగిన ప్రశ్న ఒకటే: ఇది ఎవరి కారు? కొత్త పెట్టుబడికి దారి మూసుకుపోయిన ఆ సంస్థలో చివరకు మన దేశానికి చెందిన జేఎస్‌డబ్ల్యూ 35 శాతం వాటా తీసుకుంది. 2024లో అది జేఎస్‌డబ్ల్యూ ఎంజీ అయింది. ఆ ఏడాది వచ్చిన విద్యుత్ కారుకు ఇంగ్లండు రాజకోట పేరిట విండ్సర్ అని నామకరణం చేశారు. దాని మూల నమూనా చైనాదే. కొనుగోలుదారు పేరు చూస్తాడు, ప్రభుత్వం పెట్టుబడి చూస్తుంది. ఇద్దరూ చూసేది ఒకే కారునైనా ఇద్దరికీ కనిపించే దేశాలు వేరు.

ఆర్‌సీలోని తొలి అక్షరం

పేరూ యాజమాన్యమూ తేల్చనిది కాగితం తేలుస్తుందేమో చూద్దాం. ప్రతి కారుకూ 17 అక్షరాలు, అంకెలతో కూడిన ఛాసిస్ నంబరు ఉంటుంది. ఆర్‌సీ కార్డుపై ఎవరైనా చూసుకోవచ్చు. తొలి అక్షరం జె అయితే జపాన్, కె అయితే కొరియా, డబ్ల్యూ అయితే జర్మనీ, ఎస్ అయితే ఇంగ్లండు. ఎం అక్షరం మనకూ, ఇండోనేషియా, థాయ్‌లాండ్‌లకూ కలిపి కేటాయించారు. ఇక్కడ తయారైన మారుతి కార్లకు ఎంఏ3, హ్యుందయ్ కార్లకు ఎంఏఎల్, కియా కార్లకు ఎంజెడ్‌బీ అని మొదలవుతుంది. అంటే కాగితం ప్రకారం ఈ మూడూ భారత్‌వే. అయితే ఇక్కడా తిరకాసు ఉంది. స్లొవేకియాలో తయారైన డిఫెండర్ నంబరు సైతం ఎస్ అక్షరంతోనే మొదలవుతుంది. ఆ అక్షరం తయారీదారు ఏ దేశంలో నమోదైందో చెబుతుంది తప్ప, కారుకు చివరి బోల్టు ఎక్కడ బిగించారో ప్రతిసారీ చెప్పదు.

అందుకే ప్రభుత్వాలు మరో కొలత పట్టుకున్నాయి. కారు విలువలో ఎంత భాగం స్వదేశంలో సమకూరిందన్నదే ఆ కొలత. అమెరికా, మెక్సికో, కెనడాల ఒప్పందం ప్రకారం సుంకం లేకుండా సరిహద్దు దాటాలంటే కారు విలువలో 75 శాతం ఆ మూడు దేశాల్లోనే సమకూరాలి. మన కేంద్ర ప్రభుత్వం 2021 సెప్టెంబరులో రూ.25,938 కోట్లతో ప్రకటించిన వాహన రంగ ప్రోత్సాహక పథకంలోనూ 50 శాతం స్వదేశీ విలువ ఉండాలన్న షరతు ఉంది. ఎక్కడ బిగించారన్నది కాక, ఎంత ఇక్కడ తయారైందన్నది చూడటం మేలైన పద్ధతి. కానీ ఇదీ సగం సత్యమే. విలువను కొలిచే తూకం, ఆ విలువపై నిర్ణయం తీసుకునే వ్యక్తి ఎక్కడున్నాడో కొలవలేదు.

ఎర్రమంచిలో కర్మాగారం, సియోల్‌లో నిర్ణయం

ఇప్పుడు మన రాష్ట్రానికి వద్దాం. 2017 ఏప్రిల్‌లో నాటి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు ప్రభుత్వంతో కియా ఒప్పందం కుదుర్చుకుంది. పెనుకొండ సమీపంలోని ఎర్రమంచి వద్ద 500 ఎకరాలకు పైగా భూమిలో, 110 కోట్ల డాలర్ల పెట్టుబడితో, ఏటా 3 లక్షల కార్ల సామర్థ్యంతో కర్మాగారం లేచింది. కరవు సీమగా పేరుబడిన ఆ ప్రాంతానికి హంద్రీ-నీవా నీరు గొల్లపల్లి జలాశయానికి చేరింది. 2019 ఆగస్టులో సెల్టోస్ విపణిలోకి వచ్చింది. అదే ఏడాది డిసెంబరు 5న నాటి ముఖ్యమంత్రి జగన్మోహన్‌రెడ్డి కర్మాగారాన్ని లాంఛనంగా ప్రారంభించారు. 2023 జూలై నాటికి అక్కడి నుంచి 10 లక్షల కార్లు వెలువడ్డాయి. ఇది చిన్న విజయం కాదు. ఒకప్పుడు వేరుశనగ ఎండిపోతే బెంగళూరుకు వలస వెళ్లడమే దారి అయిన ప్రాంతం అది.

అయితే కియాను ఆంధ్రా కారు అనగలమా? ఇండియా సంస్థ పూర్తిగా కొరియా మాతృసంస్థకే చెందినది. ఏ నమూనా తేవాలి, ఏది ఆపాలి, తర్వాతి కర్మాగారం ఎక్కడ పెట్టాలి అన్నవన్నీ సియోల్‌లో తేలే విషయాలు. ఈ కుటుంబంలో పెద్దదైన హ్యుందయ్ 1998లో శాంత్రోతో మన విపణిలోకి వచ్చింది. 2024 అక్టోబరులో అది రూ.27,870 కోట్ల విలువైన షేర్లను మన మదుపరులకు అమ్మింది. ఆనాటికి దేశ చరిత్రలో అదే అతి పెద్ద తొలి ఇష్యూ. ఆ సొమ్ము ఇక్కడి కర్మాగారానికి రాలేదు. అమ్మినవి మాతృసంస్థ చేతిలోని పాత షేర్లు కనుక సొమ్మంతా కొరియాకే చేరింది. ఇందులో అన్యాయం ఏమీ లేదు. అమ్ముకున్నవాడికి సొమ్ము రావడం సహజం. యాజమాన్యం అంటే ఏమిటో దీనివల్ల తెలిసివస్తుంది, అంతే.

ఇక కొరియా వారిని తప్పుపట్టే ముందు వారు ఎక్కడి నుంచి వచ్చారో చూడాలి. 1967లో పుట్టిన హ్యుందయ్ మోటార్ తొలుత చేసింది ఫోర్డ్ కోర్టినా విడిభాగాలను తెచ్చి బిగించడమే. 1970ల మధ్య వచ్చిన పోనీ కారుకు రూపశిల్పి ఇటలీకి చెందిన జుజారో, ఇంజిన్ జపాన్‌కు చెందిన మిత్సుబిషిది, ప్రాజెక్టును నడిపించింది ఇంగ్లండు ఇంజినీరు జార్జ్ టర్న్‌బుల్. అన్నీ అరువే. కానీ అరువు తెచ్చినదాన్ని నేర్చుకున్నారు. 1991 నాటికి ఆల్ఫా పేరిట సొంత ఇంజిన్ తయారు చేసుకున్నారు. కియా కూడా జపాన్‌కు చెందిన మాజ్దా నమూనాలపై ఆధారపడి ఎదిగినదే. 1997లో అప్పుల్లో కూరుకుపోగా, మరుసటి ఏడాది హ్యుందయ్ దాన్ని చేజిక్కించుకుంది.

సరిగ్గా ఆ దశకాల్లోనే మన ఉమ్మడి రాష్ట్రంలోనూ ఒక ప్రయత్నం జరిగింది. 1980లలో హైదరాబాద్ ఆల్విన్ సంస్థ జపాన్‌కు చెందిన నిస్సాన్ సహకారంతో జహీరాబాద్‌లో చిన్న లారీలు తయారు చేసింది. ఆల్విన్ నిస్సాన్ పేరు నాటి లారీ యజమానులకు గుర్తుండే ఉంటుంది. కొన్నేళ్లకే అది మహీంద్రా చేతికి వెళ్లింది. కర్మాగారం నిలిచింది, ఈనాటికీ పనిచేస్తోంది. ఆల్విన్ పేరు మాత్రం వాహన రంగం నుంచి తొలగిపోయింది. అరువు తెచ్చుకోవడంలో ఇద్దరికీ తేడా లేదు. అరువు మీద సొంత విద్య కట్టుకున్నవారికి పేరు మిగిలింది.

ఒంగోలు గిత్త చెప్పే పాఠం

ఈ సత్యాన్ని తెలుసుకునేందుకు మన రైతుకు కార్ల చరిత్ర అవసరం లేదు. పెరట్లోని పశువు చాలు. ఒంగోలు జాతి పశువులు 19వ శతాబ్దం నుంచి బ్రెజిల్‌కు ఓడలెక్కాయి. ఒంగోలు 1904 వరకు నెల్లూరు జిల్లాలో ఉండేది. అందువల్ల అక్కడ ఆ జాతికి 'నెలోర్' అన్న పేరు స్థిరపడింది. నేడు బ్రెజిల్ మాంసపు పశుసంపదలో సింహభాగం ఆ రక్తమే. 40 లక్షల డాలర్లకు పైగా విలువ కట్టిన వయాటినా-19 అనే నెలోర్ ఆవు ప్రపంచంలోనే అత్యంత ఖరీదైనదిగా గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. వార్త చదివి మనం గర్వించాం. కానీ ఆ ఆవు ఏ దేశానిదని ప్రపంచాన్ని అడిగితే బ్రెజిల్‌దనే చెబుతుంది.

రక్తం మనది, పేరు సైతం మనదే. అయినా జాతీయత వారిది. ఎందుకు? ఏ దూడ ఏ తల్లిదో తరతరాలుగా రాసిపెట్టిన వంశావళి పుస్తకం వారి వద్ద ఉంది. ఉబెరాబా నగరంలోని పశుపెంపకందారుల సంఘం ఆ పుస్తకాన్ని నిర్వహిస్తోంది. ఏ గుణాన్ని పెంచాలి, దేన్ని వదలాలి అన్న నిర్ణయం వారిది. పరిశోధన వారిది. మనకు లాం ఫారం, చదలవాడ పశుక్షేత్రం ఉన్నప్పటికీ, ట్రాక్టరు వచ్చాక ఇంటింటా గిత్త నిలబెట్టే ఓపిక తగ్గింది. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్‌దీ ఇదే దారి. ప్రపంచంలో మరెక్కడా దొరకని రాయి మనది. బ్లాకులుగా ఓడలెక్కినంత వరకే దానికి చీమకుర్తి పేరు. కోసి, మెరుగుపెట్టి అమ్మినవాడిదే ఆ తర్వాతి లాభం.

కారుకూ ఇదే వర్తిస్తుంది. జ్ఞాపకం, యాజమాన్యం, కర్మాగారం, విడిభాగాల విలువ - ఈ నాలుగూ జాతీయతకు నాలుగు కాళ్లు. అయితే మంచం నిలిచేది పట్టెలపై. ఆ పట్టె విద్య. నమూనా గీసేది ఎవరు, ఇంజిన్ లోపల ఏముందో తెలిసినవారు ఎవరు, వద్దని చెప్పగలిగే హక్కు ఎవరిది అన్నదే చివరకు బ్రాండు దేశాన్ని తేలుస్తుంది. 1998లో వచ్చిన టాటా ఇండికాకు ఇటలీ సంస్థ రూపకల్పనలో సాయపడినా, దాన్ని భారతీయ కారుగానే లెక్కించడంలో ఔచిత్యం అదే. ఏం కావాలో చెప్పిందీ, వద్దన్నదీ, నష్టం భరించిందీ మనవారు.

మనం అడగవలసింది ఏమిటి?

రేపు రామాయపట్నం రేవు నీడన గానీ, ఏళ్ల తరబడి ప్రతిపాదనల్లో నలిగిన కనిగిరి ప్రాంతపు పారిశ్రామిక మండలిలో గానీ ఏ సంస్థ అడుగుపెట్టినా మన ప్రజాప్రతినిధులు ముందు అడిగేది ఉద్యోగాలెన్ని అని. స్థానికులకు 75 శాతం ఉద్యోగాలు ఇవ్వాలంటూ 2019లో రాష్ట్ర శాసనసభ చట్టం కూడా చేసింది. ఆ ప్రశ్న న్యాయమైనదే. భూమి ఇచ్చిన రైతు బిడ్డకు గేటు కాపలా ఉద్యోగమైనా దక్కకపోతే ఆ పరిశ్రమ ఏ దేశానిదైతే అతనికేమిటి?

అయితే అక్కడితో ఆగితే మనకు దక్కేది చేతిపని మాత్రమే. అడగవలసినవి మరి మూడున్నాయి. విడిభాగాల్లో ఎంత శాతం ఈ జిల్లాలోని చిన్న పరిశ్రమలతో చేయిస్తారు? మన పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ కళాశాలల విద్యార్థులకు రూపకల్పన విభాగంలో చోటుందా, లేక బిగింపు వరుస వరకేనా? రాయితీ గడువు ముగిశాక సంస్థ వెళ్లిపోదలిస్తే, ఇక్కడ మిగిలే విద్య ఏమిటి?

ఇవి గొంతెమ్మ కోరికలు కావు. హ్యుందయ్ కుటుంబానికే హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ కేంద్రం ఉంది. తెలుగు పిల్లలు అక్కడ కొరియా కార్ల రూపకల్పన పనిలో పాలుపంచుకుంటున్నారు. చేయగలిగిన వారు మనకున్నారనేందుకు అంతకు మించిన రుజువు అక్కర్లేదు. కావలసింది ఒప్పందం రాసేటప్పుడే ఆ మాట రాయించగల ముందుచూపు.

ఇక ఒంగోలులో షోరూం మెట్లెక్కే కొనుగోలుదారుకు ఒక మాట. స్వదేశీ అన్న ప్రకటన చూసి మురిసిపోనవసరం లేదు, విదేశీ అన్న పేరు చూసి దూరం జరగనూ అవసరం లేదు. తన డబ్బుకు తగిన కారు కొనుక్కోవడం ఎవరికైనా హక్కే. అది ఎవరి కారన్న ప్రశ్న కొనేవాడి కంటే పాలించేవాడికి ఎక్కువ అవసరం. గిత్తను ఓడ ఎక్కించినప్పుడు ఆ ప్రశ్న అడగడం మరిచాం. కార్ల లారీలు ఊరి ముందు నుంచి సాగిపోతున్న ఈ వేళనైనా అడగకపోతే, రేపు మన నేల మీద తయారయ్యే వస్తువుకూ మరెవరో వంశావళి రాసుకుంటారు.